కావలివాడి మొదటి మాట

"ఏమప్పా, చెప్పులేసుకోని లోపలికి వస్తాండావే. ఇది బస్టాండా?"

హార్స్లీ హిల్స్ మీద ఆ హాలు గుమ్మంలో సంగీత నాతో అన్న మొదటి మాట ఇది. నేను జవాబు చెప్పలేదు. చెప్పలేను. కుప్పం పక్క గ్రానైట్ క్వారీ కూలీల కోసం నలభై రోజులు మైకు లేకుండా అరిచి గొంతు పోగొట్టుకుని ఉన్నాను. వారం రోజులు నోరు తెరవొద్దని మదనపల్లె డాక్టరు గట్టిగా చెప్పాడు. ఊళ్ళో ఉంటే నేను ఊరుకోనని తెలిసి, ఆ కొండ మీద రిసార్టులో వంట చేసే మా శాంతిపురం వెంకటేష్ నన్ను తీసుకొచ్చి అక్కడే జరిగే సూఫీ శిబిరంలో పడేశాడు.

జేబులోంచి మా యూనియన్ కరపత్రం తీసి దాని వెనక రాశాను. "గొంతు లేదు. నేల చల్లగా ఉంది."

సంగీత చదివి, కాగితం తిప్పి చూసింది. ముందువైపు పెద్దక్షరాలతో "కార్మికులారా, గొంతెత్తండి" అని ఉంది.

"ముందర గొంతెత్తమంటావు. వెనక గొంతు లేదంటావు. ఏ పక్క నమ్మేదప్పా నిన్ను?"

ఆ రోజు నవ్వుకున్నాను. ఇప్పుడా ప్రశ్న తలుచుకుంటే నవ్వు రాదు.

గేటు దగ్గర అందరి ఫోన్లూ వెదురుబుట్టలో వేయించుకున్నారు. నేనూ ఒకటి వేశాను. రెండోది, బటన్ల ఫోను, లోపలి జేబులో దాచుకున్నాను. రూల్సు నాకెందుకు అనుకున్నాను.

శిబిరం నడిపేది జైబున్నీసా అనే రిటైరైన టీచరు. అందరూ నానీ అనేవాళ్ళు. పొద్దున జిక్ర్, అంటే దేవుడి పేరును ఊపిరితో కలిపి అందరూ ఒక్కటిగా పలకడం. మధ్యాహ్నం తిరగడం. ఎడమకాలు నేలలో పాతినట్టు ఉంచి కుడికాలితో తోసుకుంటూ, కుడి అరచెయ్యి ఆకాశానికి, ఎడమ అరచెయ్యి నేలకు చూపిస్తూ బొంగరంలా తిరగాలి. అక్కడ కూలోళ్ళు బండలు మోస్తుంటే ఇక్కడ మీరు గిరగిరా తిరుగుతారా అని రాసి నానీ చేతిలో పెట్టాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చదివి, అయిదు నిమిషాలు తిరిగి చూసి అప్పుడు తిట్టు నాయనా అంది. మూడో నిమిషానికి స్తంభాన్ని కౌగిలించుకున్నాను. హాలంతా సంగీత నవ్వే వినిపించింది.

ఆ శిబిరంలో ఒక పద్ధతి ఉంది. కళ్ళు మూసుకుని తిరిగే ప్రతి ఒక్కరికీ ఎదురుగా ఒక కావలి మనిషి నిలబడాలి. ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. తూలితే పట్టుకోవాలి. తిరిగేవాళ్ళు ఆగి, వంగి నేలను తాకేదాకా అడుగు కదపకూడదు. ఇంతే. ఇంతకన్నా తేలికైన పని నా జన్మలో ఎవరూ నాకు చెప్పలేదు.

సంగీతది పుంగనూరు. తండ్రి లక్ష్మీపతిది కిరాణా కొట్టు. తను అంగళ్ళులో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. రెండేళ్ళ కిందట కాలేజీకి పోయే రోడ్డు మీదే స్కూటీతో పడి కుడి మణికట్టు విరిగింది. లోపల రాడ్డు వేశారు. చెయ్యి అతికింది గానీ భయం పోలేదు. మెట్లు దిగాలన్నా గోడ పట్టుకునేది. ఏదీ పట్టుకోకుండా, కళ్ళు మూసుకుని ఒక్కసారి పూర్తిగా తిరగాలని ఆ కొండెక్కింది. ఇదంతా మూడో సాయంత్రం వానలో, వరండాలో కూర్చుని చెప్పింది. కొండ మీద వాన కింది నుంచి పైకి కొట్టినట్టుంటుంది. ముంగురుల మీద నీళ్ళు నిలిచి మెరుస్తుంటే నేను చూడనట్టు చూస్తున్నాను. అది కనిపెట్టి చున్నీ తల మీదికి లాక్కుంది.

"నాకు కావలి నిలబడతావా?" అని అడిగింది.

కరపత్రాల కట్టంతా ఖర్చు చేసి నిలబడతానన్న ఒక్క మాటే రాయాలనిపించింది. తలూపాను.

"గొంతొచ్చినాక మొదట ఏం మాట్లాడతావు? ఇంక్విలాబా?"

రాశాను. "నీ పేరు."

ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది. వాన వెలిసేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం సంగీత తిరగడం మొదలుపెట్టింది. మొదట పెదవులు బిగబట్టి తిరిగింది. తర్వాత భుజాలు వదులయ్యాయి. తర్వాత నా ఎదురుగా ఒక మనిషి భయం విడిచిపెట్టడం చూశాను. అట్లాంటిది నేను ఎప్పుడూ చూడలేదు.

లోపలి జేబులో ఫోను వణికింది. క్వారీలో ఏమైందోనని నాలుగడుగుల్లో వరండాలోకి వెళ్ళాను. మా సంఘం గిరిబాబు.

"అన్నా, ఫ్లెక్సీలో నీ ఫొటో పెడతాండాం. పక్కనా, మధ్యలోనా? ప్రింటింగోడు ఆగనంటాండాడు."

"మధ్యలో," అన్నాను.

గొంతు వచ్చింది. బాగానే వచ్చింది. లోపల ధబ్బున శబ్దమైంది.

అదే చెయ్యి. అదే మణికట్టు.

మదనపల్లె ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని, నొప్పితో మొహం నల్లబడి కూడా, యాల పోయినావని మెల్లగా అడిగింది. అబద్ధం నా నోట్లో రెడీగా ఉంది. క్వారీలో మా రెడ్డెప్ప మీద బండ పడిందని ఫోనొచ్చిందన్నాను. ఆమె తన నొప్పి మరిచిపోయి, పెద్దాయనా, పిల్లలుండారా, బతుకుతాడా అని వరసగా అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను. కార్మికుడి ప్రాణం పేరు చెబితే ఎవరైనా క్షమిస్తారని నాకు తెలుసు. ఆమె క్షమించింది కూడా.

నేను ఊరొచ్చిన నాలుగో రోజు ఆమె తండ్రితో కలిసి, పుంగనూరు నుంచి బస్సులు మారి శాంతిపురం వచ్చింది. కట్టుకట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది. లక్ష్మీపతి గారి చేతిలో బత్తాయిల సంచి, రెడ్డెప్ప కోసం. ఆయన నన్ను చూడటానికి కూడా వచ్చాడని తర్వాత వెంకటేష్ చెప్పాడు. పిల్లోడు మాట మీద నిలబడే రకమని కూతురు చెప్పిందట.

రెడ్డెప్ప టీ అంగడి దగ్గర బన్ను ముంచుకుని తింటున్నాడు.

"నాకా? బండా? నేను గుండ్రాయి మాదిరి ఉండానమ్మా," అన్నాడు.

అతని తల మీద పదడుగుల ఫ్లెక్సీ గాలికి ఊగుతోంది. మధ్యలో నేను, పిడికిలెత్తి.

సంగీత అటు చూసింది. నన్ను చూసింది.

"ఆ పొద్దు ఫోన్లో ఏమన్నావప్పా?"

ఇంక అబద్ధం దొరకలేదు. "మధ్యలో, అన్నాను."

"నీకు గొంతొచ్చినాక మొదటి మాటా అది?"

తలూపాను. ఆమె వెనక్కి తిరిగింది. ఒక్క తిట్టు తిట్టినా బతికిపోయేవాణ్ణి. లక్ష్మీపతి గారు బత్తాయిల సంచి రెడ్డెప్ప ఒళ్ళో పెట్టి, తినప్పా, నీ కోసం తెచ్చినవే అని బస్టాపు వైపు నడిచాడు. ఆ సాయంత్రం మీటింగులో నా గొంతు ఖంగుమంది. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఆ ధబ్బుమన్న శబ్దమే వినిపించింది.

ఏడాది తర్వాత మళ్ళీ కొండెక్కాను. రెండు ఫోన్లూ బుట్టలో వేశాను. నానీ నన్ను మదనపల్లె సుభద్రమ్మకు కావలి పెట్టింది. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, నలభై నిమిషాలు తిరుగుతుంది. కాళ్ళు పీకినా కదల్లేదు. పక్కనే సంగీత తిరుగుతోంది. ఆమెకు ఎదురుగా కావలి ఎవరూ లేరు, తనే వద్దందట. ఆ అవసరమే లేనట్టు తిరుగుతోంది.

చివరి రోజు వరండాలో ఆమె ముందు నిలబడి పేరు పెట్టి పిలిచాను. "సంగీతా."

"ఏడాది పట్టింది," అంది.

ఆ పొద్దు ఫోన్లో మాట్లాడింది నా ఫొటో గురించేనని, రెడ్డెప్పను అడ్డం పెట్టుకున్నానని, ఆమె మీద ప్రేమ నిజమేనని, మూడూ ఒకే ఊపిరిలో చెప్పేశాను. విన్నది. మొహం మీది వాన జల్లు చున్నీతో తుడుచుకుని, హాలు వైపు చూపించింది.

"పో, తిరుగు. నేను నిలబడతా."

ఎడమకాలు పాతాను. కళ్ళు మూసుకున్నాను. ఆమె ఉందో పోయిందో చూడకూడదు. పోయినా అడిగే హక్కు నాకు లేదు. ఎంతసేపు తిరిగానో తెలియదు. రెండుసార్లు తూలాను. రెండుసార్లూ ఒక చెయ్యి నా భుజాన్ని ఆపి వదిలింది. వంకరగా అతికిన మణికట్టు అని తెలుస్తూనే ఉంది.

ఆగి, వంగి, నేలను తాకాను. కళ్ళు తెరిస్తే అక్కడే ఉంది, ఒక్క అడుగు కూడా కదలకుండా.

"ఇంతేప్పా కావలంటే," అంది.

చెప్పులేసుకుని, వానలో పుంగనూరు పోయేందుకు బస్సెక్కింది. మెట్లెక్కేటప్పుడు ఏదీ పట్టుకోలేదు.