ల్యాబు గుమ్మానికి పురిటితాడు

పొద్దున్నే మల్‌సున్ కిమ్చీ పచ్చడి డబ్బాను పొట్టకు అదిమి పట్టుకుని అరచేత్తో మూతను తోస్తోంది. వేళ్ళు ఆ పనికి రావడం మానేసి చాలా కాలమైంది. కూతురు హేరాన్ లేచి మూత తీసి పెడితే సంతోషించకపోగా మొహం తిప్పుకుంది. వాండో దీవిలో నలభై చలికాలాలు సముద్రంలో గిమ్ నాచు కోసిన మనిషి. ఒక మూత లొంగకపోవడం ఆవిడకు చిన్నతనం.

మర్నాడు గ్వాంగ్జు నగరంలోని ఆసుపత్రిలో ఆవిడ కుడి మోకాలికి ఆపరేషన్. కీళ్ళవాతం పన్నెండేళ్ళుగా తినేసిన కీలు తీసి కొత్తది పెడతారు. హేరాన్ పనిచేసే ల్యాబు ఆ ఆవరణలోనే ఉంది. అన్నాలు అయ్యాక ఆమె తల్లి సంతకం పెట్టాల్సిన ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఎలా మొదలుపెట్టాలో రెండు రోజులుగా నెమరేసుకుంటూనే ఉంది.

కీలు లోపల వాచిన పొరను డాక్టర్లు ఎలాగూ కోసి పారేస్తారని, దాన్ని ల్యాబుకు ఇమ్మని అడిగింది. అందులోని కణాలను వెనక్కి నడిపించి, ఏ అవయవం కావాలో ఇంకా తేల్చుకోని మూలకణాలుగా మార్చాలన్నది వాళ్ళ ప్రయత్నం. అలా అయితే రోగి సొంత కణాలతోనే కొత్త మృదులాస్థి పెంచే దారి దొరకొచ్చు. మూడుసార్లు ముగ్గురి పొరలు తెచ్చారు. మూడుసార్లూ కణాలు దారిలోనే చచ్చిపోయాయి.

తండ్రి టేక్‌సు లేచి, వెనక గదిలోంచి కడిగి ఆరబెట్టిన మట్టిజాడీ తెచ్చి కాగితం పక్కన పెట్టాడు.

"ఇదెందుకు నాన్నా?"

"కోసింది ఇందులో తెస్తాను. కొండ మీద మీ అమ్మకు చూసి పెట్టిన చోట పాతిపెడతాను. ఒళ్ళు అమ్మానాన్నలు ఇచ్చింది. ముక్కలుగా పంచుకునేది కాదు."

ఆసుపత్రివాళ్ళు అలా ఇవ్వరని హేరాన్ చెప్పింది. తను అడుగుతానన్నాడు. పారేసేదే కదా అంది. పారేసేదైతే నీకెందుకు అన్నాడు. మాట మీద మాట పెరిగింది. పదిహేనేళ్ళుగా ఆ గాజుపళ్ళేలకే అంకితమైపోయావు, పెళ్ళి లేదు, పండక్కి ఇంటికి రావడం లేదు, ఇప్పుడు మీ అమ్మ ఒంటిని కూడా వాటిలోనే పోస్తావా అన్నాడు. హేరాన్‌కు ఒళ్ళు మండింది.

"అమ్మ మూత తీయలేకపోతోంది నాన్నా. నువ్వు ఆవిడ సమాధికి చోటు చూశావు. నేను ఆవిడ కాలికి దారి చూస్తున్నాను."

మల్‌సున్ కాగితాన్ని తన వైపు లాక్కుని భర్తను చూసింది.

"హేరాన్ నాన్నా, ఆ మోకాలు ఎవరిది?"

ఆయన జాడీని దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇంతసేపూ ఇద్దరూ నా కాలి గురించే కొట్టుకున్నారు. నన్నొక్కరూ అడగలేదు."

రెండు వేళ్ళ మధ్య పెన్ను ఇరికించుకుని, ఒక్కో అక్షరమే గీసి సంతకం పెట్టింది. టేక్‌సు జాడీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. హేరాన్ ఐసుపెట్టె పట్టుకుని వరండాలో పరుగెత్తుతుంటే ఆయన గోడకు జరిగి దారి ఇచ్చాడు, మొహం మాత్రం చూడలేదు. కణాలు పెరిగాయి. కొన్ని వారాలకు వాటిని మార్చే పని మొదలైంది. ఆ రోజు హేరాన్ తల్లికి ఫోన్ చేసి, ఇక మూడు వారాలు ఆగాలని, ఊరికే కణాల పెట్టె తలుపు తీసి చూడకూడదని, బయటి సూక్ష్మక్రిములు సోకితే అంతా పోతుందని చెప్పింది. ఫోన్‌లో తల్లి వెనక నుంచి తండ్రి గొంతు వినిపించింది. మూడు ఏడులా అని అడుగుతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ల్యాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో గడ్డితో పేనిన తాడు. ఎడమ పురి పెట్టినది. మధ్యమధ్య బొగ్గుముక్కలు, పైన్ రెమ్మలు దోపి ఉన్నాయి. ఇంట్లో ఆడపిల్ల పుడితే బయటివాళ్ళు లోపలికి రాకుండా మూడు ఏడులు, అంటే ఇరవయ్యొక్క రోజులు, గుమ్మానికి కట్టే తాడు.

"నువ్వు పుట్టినప్పుడు ఇలాగే పేనాను," అన్నాడు. "పురిటిగది అని ముందే చెప్పుంటే అంత గొడవ చేసేవాణ్ణి కాదు."

హేరాన్ తాడు అందుకుంది. స్టూలెక్కి బయటి తలుపుకు కట్టింది. సాయంత్రం ల్యాబు పెద్ద అయిన ప్రొఫెసర్ వచ్చి, తాడును కిందికీ పైకీ చూసి, పక్క తలుపు నుంచి లోపలికి వెళ్ళాడు. మిగిలిన రోజులన్నీ ఆయన అటునుంచే తిరిగాడు.

పదో రోజు సగం కణాలు చచ్చాయి. పదిహేనో రోజు ఇంకొన్ని. హేరాన్ ఇంటికి ఫోన్ చేయడం మానేసింది. ఇరవయ్యొకటో రోజు పొద్దున పళ్ళెం మైక్రోస్కోప్ కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. పక్కవాళ్ళను పిలిచి చూపించింది. తరువాత ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలను రమ్మంది.

సాయంత్రానికి ఇద్దరూ వచ్చారు. మల్‌సున్ చేతికర్రతో, కొత్త మోకాలితో నడిచి వచ్చింది. చాలాసేపు చూసి, ఇవి నావేనా అని రెండుసార్లు అడిగింది. దీనితో నా రెండో కాలు బాగవుతుందా అని కూడా అడిగింది. ఇప్పట్లో కాదని, ఇంకా ఎన్నో ఏళ్ళ పని ఉందని హేరాన్ దాచకుండా చెప్పింది.

"పోనీలే. మొదలైతే అయింది కదా," అని ఆవిడ భర్తకు చోటిచ్చింది.

టేక్‌సు వంగి చూశాడు. పొడుగ్గా చెదిరిన కణాల మధ్య గుండ్రంగా, అంచు మెరుస్తూ, ఒత్తుగా మూలకణాల ముద్ద ఒకటి.

"ఆల్చిప్పలో గిమ్ విత్తనం పట్టినట్టుంది," అన్నాడు. "అది కూడా ఇంతే. చూస్తే నాచులా ఉండదు. ఏమవుతుందో దానికే తెలుసు."

తల ఎత్తి, కూతురి పక్కన ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. నెమ్మదిగా ప్యాంటు కాలు పైకి మడిచాడు. మోకాలు ఎర్రగా, నున్నగా ఉబ్బి ఉంది. మల్‌సున్ చేతికర్ర గోడకు ఆనించి దగ్గరికి వచ్చింది.

"ఎప్పటినుంచి నాన్నా?"

"మీ అమ్మకు ముందు బాగవ్వాలని ఊరుకున్నాను. నాలుగైదేళ్ళయింది."

హేరాన్ ఆయన ముందు నేల మీద కూర్చుని ఆ మోకాలి మీద రెండు చేతులూ పెట్టింది. వేడిగా ఉంది. కన్నీళ్ళు దాని మీదే పడుతున్నాయి. ఆయన కాలు కదిలించలేదు.

"సంతకం పెట్టే కాగితం ఇంకొకటి ఉందా?" అన్నాడు.