కుడి బొటనవేలు

అబిడ్స్‌లో ఒక లాడ్జి, మూడో అంతస్తు. కిటికీకి ఇనుప చువ్వలు, తలుపు దగ్గర కాపలావాడు, మంచం మీద మత్తులో సదాశివ. ఆయన క్షిపణి శాస్త్రవేత్త. ఒంట్లో ఏ రోగమూ లేదు, ఫైలు నిండా మాత్రం రోగాలే.

ఎత్తుకొచ్చిన ముఠా ఆయన్ని దేశం దాటిస్తే మళ్లీ దొరకడని పొద్దున్నే బషీర్‌బాగ్‌లో చీఫ్ శ్రీహరి బ్రీఫింగ్ ఇచ్చాడు. ఏజెంట్ విజయేందర్ వీసా ఫారాలు నింపే గుమస్తా వేషంలో, చొక్కా గుండీలో కెమెరాతో వచ్చాడు. గుమ్మంలోనే కోడ్ వర్డ్ వినిపించింది.

"జర చాయ్ తాగుతరా?"

ముఠాలో మన మనిషి, డబుల్ ఏజెంట్ ఉజ్వల. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చూపు తిప్పుకోలేని అందం. ఆమె వెంట నడిచి విజయేందర్ నేరుగా బోనులో పడ్డాడు. విదేశీ ముఠా నాయకుడు విక్టర్ ఆ గుండీ పీకి, అతని కుడిచేతి వేళ్లు రెండు విరిచాడు. ఉజ్వల కళ్లద్దాలైనా తీయలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి!

వైద్యం వీసాకు కాగితాలన్నీ సిద్ధం: విదేశీ ఆసుపత్రి ఆహ్వానం, ఇక్కడ చికిత్స లేదన్న డాక్టర్ సర్టిఫికెట్, తోడు వెళ్లే 'కూతురు'గా ఉజ్వల పాస్‌పోర్టు. ఇక కావాల్సింది ఒక్కటే. రోగి సంతకం చేయలేడంటూ, వేలిముద్రతో నోటరీ చేసిన అఫిడవిట్. వీసా సెంటర్ నాలుగింటికి మూస్తారు. అది రాయడం వచ్చినవాడు విజయేందర్ ఒక్కడే, అందుకే ఇంకా బతికున్నాడు.

ఎడమచేత్తో ల్యాప్‌టాప్‌లో టైపు చేశాడు. ప్రింటు తీశాక సదాశివ కుడి బొటనవేలు పట్టి ఒత్తాడు. అది కుడి వేలని కింద టైపు కూడా చేశాడు. విక్టర్‌కు ఏ వేలైనా వేలే. ఉజ్వల మాత్రం ముద్రకేసి చాలాసేపు చూసింది. ఆమె ఒక్క మాటంటే విజయేందర్ పని సరి.

"సిరా జర ఆరనియ్యండి" అంది, అంతే.

విజయేందర్‌ను కుర్చీకి కట్టేశారు. విక్టర్ కాపలావాడి చేతిలో విషం సిరంజి పెట్టి, పని చెడి తన కాల్ వస్తే ముసలాయనకు పొడిచెయ్యమని చెప్పి, ఉజ్వలతో నోటరీ కోసం నాంపల్లి కోర్టుకు బయల్దేరాడు.

గంట గడిచింది. కట్లు వదులు కాలేదు. మూడూ యాభైకి కాపలావాడి ఫోన్ మోగింది.

కాపలావాడు సిరంజి ఎత్తాడు. విజయేందర్ కుర్చీతో సహా వాడి మీద పడ్డాడు. సిరంజి మంచం కిందికి దొర్లింది. అప్పుడే తలుపు విరగ్గొట్టి శ్రీహరి మనుషులు లోపలికి వచ్చారు.

సంగతంతా తర్వాత తెలిసింది. ముప్ఫై ఏళ్లుగా ఏ కాగితమూ చదవకుండా స్టాంపు వేసే నోటరీ బుచ్చిబాబు, వేలిముద్రను మాత్రం చూస్తాడట. మగమనిషికి కుడి వేలేమిటి, మనిషిని తెచ్చి చూపించమని పట్టుబట్టాడు. విక్టర్ అరిచాడు, కోర్టు కానిస్టేబుల్ వచ్చాడు. ఆ గొడవలో ఉజ్వల కానిస్టేబుల్ చెవిలో చీఫ్ నంబరు, లాడ్జి పేరు చెప్పేసింది. బేడీలు పడుతుండగా విక్టర్ ఫోన్ నొక్కాడు.

"మీ ఫోటో ముందే వాళ్లకు దొరికింది సార్. నేను పట్టియ్యకుంటే ఇద్దరం పోతుంటిమి" అంది ఉజ్వల, కళ్లద్దాలు తీసి. కళ్లు ఏడ్చి ఎర్రగా ఉన్నాయి. "మా నాయన కాచిగూడల దస్తావేజులు రాస్తుండె. మగోళ్లది ఎడమ, ఆడోళ్లది కుడి. నాకు ఎరుకనే."

సాయంత్రం శ్రీహరి మూడు కాపీల రిపోర్టు ముందుపెట్టి సంతకం అడిగాడు. విజయేందర్ కట్టుకట్టిన కుడిచెయ్యి చూపించి, ఎడమ బొటనవేలు సిరాలో అద్దాడు.