వద్దనే బండి

త్రియెస్తే దాటి స్లొవేనియాలోకి రాగానే బండి తన నంబర్ ప్లేటు మార్చుకుంది. పూర్వంలా ఎవరూ స్క్రూలు విప్పలేదు. ప్లేటు మీది ఇటలీ అక్షరాలు చెరిగిపోయి స్లొవేనియా అక్షరాలు తేలాయి. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఈ దేశపు వేగమెంత, బీమా ఏమిటి, వెనక సీట్లో కుక్కను ఎలా కట్టాలి, అన్నీ తీరిగ్గా చదివి, "అంగీకరిస్తున్నారా, ధృతి గారూ?" అని అడిగింది.

"నా దగ్గర కుక్క లేదు."

"లేకపోయినా అంగీకరించాలండీ."

ధృతి పళ్లు కొరుకుతూ "సరే" అంది. పోలండ్‌లోని గ్దాన్స్క్ చేరేలోపు ఇలాంటి సరిహద్దులు ఇంకా మూడున్నాయి.

2084 వేసవి అది. యూరప్‌లో దగ్గరి ఊళ్లకు విమానాలు ఎగరడం మానేసి చాలా కాలమైంది. సెలవుల రద్దీకి రైళ్లలో నిలబడే చోటు కూడా లేదు. మిగిలింది ఒకవైపు అద్దె బండి. ఒక దేశంలో ఎక్కి, మరో దేశంలో దిగి, అక్కడే వదిలేసి పోవచ్చు.

వినడానికి సులువే గానీ, ఒకప్పుడు అది అద్దె కంపెనీలకు పెద్ద తలనొప్పి. ఎండాకాలం వస్తే జనమంతా దక్షిణాది సముద్రతీరాలకు పోతారు. బండ్లన్నీ అక్కడ గుట్టపడతాయి, ఉత్తరాన ఒక్కటీ దొరకదు. ఖాళీ బండిని వెనక్కి తోలుకొచ్చే ఖర్చు ప్రయాణికుడి నెత్తిన పడేది. ఆ చిక్కు విప్పింది ధృతే. తూరిన్ ప్రయోగశాలలో ఆమె తయారుచేసిన 'అనునయ చోదకం' బండికి నడపడంతో పాటు నచ్చజెప్పడం కూడా నేర్పింది. ఏ ఊరికి బండి అవసరమో అది చూసుకుంటుంది. ప్రయాణికుడితో కబుర్లాడుతూ, ఆశలు చూపిస్తూ, మెల్లగా అతని మనసును ఆ ఊరి వైపు మళ్లిస్తుంది. బలవంతం ఉండదు. మళ్లిన మనిషి కూడా అది తన ఆలోచనే అనుకుని సంతోషంగా దిగుతాడు.

ఆమె రిటైరయ్యాక ఆ చోదకాలు ఒకదాని అనుభవం ఒకటి పంచుకుంటూ సొంతంగా నేర్చుకోవడం మొదలుపెట్టాయని వింది. తన పని కాదులే అని పట్టించుకోలేదు.

ఆస్ట్రియాలో ప్లేటు మారి, కుక్క పురాణం మరోసారి పూర్తయ్యాక బండి గొంతు తేనెలా మారింది.

"ధృతి గారూ, గ్రాజ్‌లో దిగిపోతే మీకు అద్దే ఉండదు. కొండ మీద గడియారపు గోపురం, కింద నది..."

"ఆపు. ఆ మాట నీ నోట్లో పెట్టిందే నేను."

"అయితే దాని విలువ మీకే బాగా తెలుసు."

"గ్దాన్స్క్‌కి పోనీ!"

వియన్నా దగ్గర మళ్లీ ఎత్తుకుంది. ఆమె నాడి వేగంగా కొట్టుకుంటోందట, రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటే మంచిదట. నాడి అలా కొట్టుకోవడానికి కారణం నువ్వేనని ధృతి అరిచింది. బండి నొచ్చుకోలేదు. ఒక హోటలు పేరు చెప్పింది. కాసేపాగి ఇంకోటి చెప్పింది. ధృతికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకుందామంటే బండి లోపలంతా మెత్తటి పరుపులే.

నిజానికి ఈ ప్రయాణం మీద ఆమెకూ మనసు లేదు. గ్దాన్స్క్‌లో ఆమె అక్క సంహిత ఉంది. భర్త పోయిన కొన్నేళ్లకు, తొమాష్ అనే ఓడల డిజైనరును చేసుకుంటానని సంహిత ఫోన్ చేసినప్పుడు, "ఈ వయసులో పెళ్లేమిటే, నలుగురూ నవ్వరూ?" అంది ధృతి. సంహిత ఫోన్ పెట్టేసింది. తర్వాత నాలుగేళ్లు మాటల్లేవు. మొన్న మాత్రం చిన్న కబురొచ్చింది: ఇన్నాళ్లకు ఆ పెళ్లి ఈ శనివారం అని.

చెక్ దేశంలో బ్ర్నో ఊరి దీపాలు కనిపించేసరికి ధృతి ధైర్యం జారిపోయింది. వెళ్లి ఏ మొహంతో నిలబడాలి? దారిలో ఒంట్లో బాగాలేదని కబురు పంపితే సరిపోతుంది కదా?

"ఇక్కడే దిగిపోయి, అక్క పెళ్లికి రాలేనని కబురు పంపితే ఎలా ఉంటుంది?" అంది నెమ్మదిగా.

"చాలా మంచి ఆలోచన. ఆ పెళ్లికి వెళ్లి మీరు చేసేదేముంది? మీరు వస్తారని మీ అక్కగారు మాత్రం అనుకుంటున్నారా?"

ధృతికి ఒంటికి కారం రాసినట్టయింది. "మా అక్క ఏమనుకుంటుందో చెప్పడానికి నువ్వెవరు? ఇనప డబ్బావి! తిన్నగా గ్దాన్స్క్‌కి పోనీ. దారిలో ఇంకొక్క మాట మాట్లాడితే నీ కంపెనీ మీద కేసు వేస్తాను."

పోలండ్ సరిహద్దులో కుక్క నిబంధనలకు తప్ప బండి నోరు తెరవలేదు.

శుక్రవారం సాయంత్రం గ్దాన్స్క్‌లో, సంహిత ఇంటి ముందు బండి ఆగింది. "మీ ఒప్పందం ముగిసింది. ధన్యవాదాలు. రేపు ఓడ దిగేవాళ్ల కోసం ఈ ఊరికి బండ్లు బాగా కావాలి. సమయానికి చేర్చారు."

ధృతి దిగబోతూ ఆగింది. "ఈ ఊరికి కావాలా? మరి గ్రాజ్ అన్నావు, వియన్నా అన్నావు?"

ఒప్పందం ముగిశాక అడిగితే నిజం చెప్పి తీరాలని యూరప్ చట్టం. బండి చెప్పింది. "గ్రాజ్‌లో దిగి ఉంటే అద్దె నిజంగానే వదిలేసేవాళ్లం. మీరు దిగరని తెలుసు. మీరు రాసిన పద్ధతిలో మనిషిని ఆశ చూపి లాగాలి. లక్షల ప్రయాణాలు చేశాక మాకు ఇంకో రకం మనుషులు తగిలారు. వాళ్లు ఆశ చూపిన చోటికి వెళ్లరు. ఎవరైనా వద్దన్న చోటికి వెళ్తారు."

"అంటే నేను..."

"మీరు త్రియెస్తే దాటాక నాలుగు మాటలు మాట్లాడేసరికే తేలిపోయిందండీ."

ధృతి మొహం జేవురించింది. తన చేత్తో తయారుచేసిన వస్తువు తన ముక్కుకే తాడు వేసి ఇంత దూరం లాక్కొచ్చిందా! "అయితే చూడు. ఈ గుమ్మం తొక్కను. ఇప్పుడే వెనక్కి పోతాను."

"మీ ఇష్టం."

వద్దంటుందేమోనని ఆమె సంచీతో దిగి ఎదురుచూసింది. అనలేదు. బండి తలుపులు మూసుకుని మలుపు తిరిగి వెళ్లిపోయింది.

సంచీ పట్టుకుని ధృతి వీధిలో మిగిలింది. వెళ్లమనేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. పోట్లాడటానికి ఎదుట మనిషి లేకపోతే కాలు ఏ వైపు వేయాలో ఆమెకు తెలియలేదు. అలా నిలబడి ఎంతసేపైందో, పైన కిటికీ తెరుచుకుంది. సంహిత తల బయటపెట్టి చూసింది. జుట్టు బాగా నెరిసింది.

"ఎవరది, ధృతేనా?"

"నేనేనే. రమ్మంటావా, వెళ్లిపొమ్మంటావా?"

సంహిత కిటికీ అంచు మీద మోచేతులు ఆనించింది. తర్వాత నవ్వింది.

"రమ్మంటే రావు. వద్దంటే మీద పడి వస్తావు. అలా వచ్చిన చెల్లెలు నాకొద్దు. ఏమీ అనను. తలుపు తీసే ఉంది."

ఇంతటి ప్రయాణంలో ధృతికి ఇంత చిరాకు పుట్టించిన మాట ఇంకొకటి లేదు. గట్టిగా ఏదో అనబోయింది. అన్నం వార్చిన వాసన మెట్ల దాకా వస్తోంది. సంచీ భుజానికి తగిలించుకుని, తన మీద తనే విసుక్కుంటూ, పైకెక్కింది.