అంబ్రోస్ పెల్ కొట్లో మార్పిడి

ఆగస్టులో ఫ్లోరిడా ఎండ సంగతి కొత్తగా చెప్పాలా? మధ్యాహ్నం దాకా మాడు పగలగొడుతుంది. ఆ తర్వాత ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. ఆటల పార్కుకొచ్చిన జనం ముందు నీడ కోసం, తర్వాత చూరు కోసం అంబ్రోస్ పెల్ కొట్లోకి వచ్చి పడేవాళ్ళు.

ఇడాలియా ఆ కొట్లో ఏడాదిగా పనిచేస్తోంది. అమ్మేవి టోపీలు, రబ్బరు పాములు, చల్లటి నిమ్మరసం. వేషం మాత్రం అడవి మధ్య వర్తకుడి కొట్టుది. పైన ఆకుల కప్పు, గోడలకి వెదురు, గుమ్మం ముందు రంగు కలిపిన నీళ్ళతో ఓ చెరువు. దానికి నది అని పేరు పెట్టారు. దాంట్లో పడవలు తిరుగుతాయి.

కొట్టుకో కథ కూడా ఉంది. పార్కు కట్టేటప్పుడు ఎవరో బల్ల ముందు కూర్చుని అల్లిన కథ. నదికి ఎగువన పెల్ అనే వర్తకుడు ఉండేవాడట. ఉప్పిచ్చి తేనె, అద్దమిచ్చి ఈకలు పుచ్చుకునేవాడట. ఎవరేది అడిగినా కాదనేవాడు కాదట. ఓ వానాకాలం మనిషి మాయమైపోయాడట. అంతే. ఏ నదో, ఏ అడవో రాసినవాళ్ళకే తెలీదు. అయినా పనివాళ్ళు దాన్ని కంఠతా పట్టాలి, అడిగిన పిల్లలందరికీ చెప్పాలి, ఎవరేమడిగినా కథలోనే ఉండి జవాబివ్వాలి.

దానికి తోడు పిన్నుల మార్పిడి. పనివాళ్ళ మెడలో పట్టీ, పట్టీ నిండా బొమ్మల పిన్నులు. వచ్చినవాళ్ళు తమ పిన్ను ఒకటిచ్చి, నచ్చింది పట్టుకుపోవచ్చు. ఇచ్చింది తుప్పు పట్టినదైనా సరే, పనివాళ్ళు కాదనడానికి లేదు. “అయిపోయింది బేరం!” అని బల్ల మీద చరిచి ఇచ్చెయ్యాలి. ఇడాలియాకి అది ఎంత అలవాటైపోయిందంటే ఇంట్లో కూడా వంటింటి గట్టు మీద చరిచేసేది.

వచ్చిన చిక్కల్లా ఆ కథ చప్పగా ఉండడం. సగంలోనే పిల్లలు రబ్బరు పాముల మీదకి పోయేవారు. ఇడాలియా నోరు ఊరుకుంటుందా? చిలవలు పలవలు చేర్చింది. పెల్‌కి ఓ చిట్టికూతురుందట. వరదలో కొట్టుకుపోయిందట. ఇప్పటికీ వానపడితే ఆయన కూతుర్ని వెతుక్కుంటాడట, ఆ పాపనిస్తే కొట్టంతా ఇచ్చేస్తాడట. ముందు పన్ను విరిగిన పాప, పసుపుపచ్చ బూట్ల పాప, తడిస్తే వరసగా తుమ్మే పాప. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు.

“ఏమే, అది మీ అమాయా కాదూ?” అంది ఓసారి వెర్నా. కొట్టు తెరిచిన నాటి నుంచీ ఉన్న పెద్దావిడ, నోట్లో మాట దాగదు. “సొంత పిల్లని పట్టుకెళ్ళి పోయిన పిల్లని చేశావా? నీ నోట్లో మన్ను పడ!”

“కల్పించడం కష్టమక్కా. చూసింది చెప్పడం తేలిక.”

“మాటలకి కాళ్ళుంటాయి పిల్లా. చూసుకో మరి.”

ఇడాలియా నవ్వేసింది. అమాయాకి ఆరేళ్ళు. మొగుడు అది కడుపులో ఉండగానే తన దారి తాను చూసుకున్నాడు. ఇడాలియాకి లోకమంటే ఆ పిల్లే. పిల్ల మీద ఈగ వాలనివ్వదు. మరి కథలో వరదపాలు ఎలా చేసిందయ్యా అంటే, కథే కదా అనుకుంది. తథాస్తు దేవతలు ఆ దేశంలో కూడా తిరుగుతారని ఆవిడకి ఎవరు చెప్పారు?

ఆ రోజు అమాయా పార్కుకి వచ్చింది. అమ్మమ్మ ఎల్బాతో పడవలెక్కి, అటునుంచి కొట్టుకొచ్చి, అమ్మతో కలిసి ఇంటికెళ్ళాలి.

వాన మామూలు కంటే ముందే పట్టుకుంది. పట్టపగలు దీపాలు పెట్టాల్సినంత చీకటి. పిడుగుల భయానికి పడవలు కట్టేశారు. జనమంతా గేటు వైపు పరుగెత్తారు, కొట్లో ఒక్క కుటుంబం మిగిలింది. వెర్నా వెనక గదిలోకి తుడుపుకర్ర కోసం వెళ్ళింది. పైకప్పు మీద వాన హోరుకి కొట్లో ఎప్పుడూ మోగే పాట కూడా వినబడడం లేదు.

తలుపు గంట మోగింది.

ముందు వాసన వచ్చింది. ఆ చెరువుది ఎప్పుడూ మందు కలిపిన నీళ్ళ వాసన. ఇది అది కాదు. పాచి, కుళ్ళిన ఆకులు, లోతు బురద...

గుమ్మంలో ఓ ముసలాయన. నార చొక్కా, మోకాళ్ళ దాకా బురద, తోలుటోపీ అంచు నుంచి ధారగా నీళ్ళు.

“మార్పిడికి వచ్చాను,” అన్నాడు.

పార్కు నాటకం వాళ్ళు పెల్ వేషం కొత్తగా పెట్టారన్నమాట, అనుకుంది ఇడాలియా. ముందో ముక్క చెప్పి చావరు కదా! అప్పటికే ఆ కుటుంబంలో తండ్రి ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. ఇంకేం, ఇడాలియా రెచ్చిపోయింది.

“అయ్యో పెల్ దొరా! మీ కొట్లో మీకే బేరమా? ఇక్కడ కాదనే మాట లేదు. ఏదిచ్చి ఏది పుచ్చుకుంటారు?”

ఆయన పిన్నుల వైపు చూడనే లేదు.

“నా దగ్గరున్న పాప నీకు. నీ దగ్గరున్న పాప నాకు.”

పిల్లలు కిలకిలా నవ్వారు. ఇడాలియా కూడా నవ్వింది. చెయ్యి దానంతటదే లేచింది.

“అయిపోయింది బేరం!” అని బల్ల మీద చరిచింది.

ముసలాయన బల్ల మీదకి వంగాడు. గుసగుసగా అన్నాడు. “నాకు కూతురుందని నాకే తెలీదు తల్లీ. నువ్వే చెప్పావు. రోజూ చెప్పావు. విని విని... నాకూ కావాలనిపించింది.”

ఇడాలియా ముఖాన నవ్వు అలాగే ఉండిపోయింది.

“పేరొక్కటే చెప్పలేదు నువ్వు. అమాయా... కదూ?”

ఆయన వెళ్ళిపోయాడు. గంట మాత్రం ఈసారి మోగలేదు.

వెర్నా వచ్చేసరికి ఆ కుటుంబం వెళ్ళిపోయింది, ఇడాలియా ఫోను మళ్ళీ మళ్ళీ మోగిస్తోంది. ఎల్బా ఫోను ఎత్తడం లేదు.

“పెల్ వేషమా?” జరిగింది విని వెర్నా మొహం చిట్లించింది. “వాడు మాయమయ్యాడనేగా కథ? మాయమైనవాడికి వేషమెవరు కడతారే?”

ఇడాలియా బల్ల దాటుకుని తలుపు వైపు పరుగెత్తింది. అదే క్షణాన తలుపు తెరుచుకుంది. ఎల్బా! తడిసి ముద్దయిన అమ్మమ్మ, చెయ్యి పట్టుకుని పాప.

ఇడాలియా అక్కడే కూలబడి పిల్లని గుండెకి అదుముకుంది. ఏడుపు, నవ్వు రెండూ కలిసి వచ్చేశాయి.

“ఏమైందే నీకు?” ఎల్బా గాభరాపడింది. “రేవు దగ్గర జనం తోసేస్తే ఒక్క క్షణం చెయ్యి జారింది, నిజమే. వెంటనే దొరికిందిగా. ఫోను తడిసి చచ్చింది.”

ఇడాలియా పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. విరిగిన పన్ను ఉంది. పసుపుపచ్చ బూట్లున్నాయి. పాప తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. మళ్ళీ...

“అదిగో, నీ చిలకే,” అంది వెర్నా. “ఆ ముసలాడెవడో నీ కథ విన్న తుంటరి. ఇంటికి పో ఇక.”

అప్పుడు వెర్నా నడుముకున్న వైర్‌లెస్ గరగరలాడింది. పడవల రేవు దగ్గర పనిచేసే గ్యారెట్ గొంతు.

“కొట్లో ఇడాలియా ఉందా? ఇక్కడో పాప ఏడుస్తోంది. పేరు అమాయా అట. వాళ్ళమ్మ మీ దగ్గరే పనిచేస్తుందంటోంది...”

ముగ్గురూ పాప వైపు చూశారు.

వైర్‌లెస్‌లో గ్యారెట్ గొంతు వెనక నుంచి ఏడుపు వినబడుతోంది. ఊపిరి బిగబట్టి... చాలాసేపు బిగబట్టి... ఒక్కసారిగా వెక్కి వెక్కి ఏడవడం. అచ్చం అమాయా ఏడ్చే తీరే. కథలో పాప ఏడుపు గురించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఒళ్ళో పాప మెడకి చేతులు బిగించింది. “వెళ్ళొద్దమ్మా.”

ఇడాలియా చెయ్యి మెల్లిగా పాప చెవి వెనక్కి పోయింది. అమాయాకి అక్కడ కాలిన మచ్చ ఉంది. పాకే వయసులో ఇస్త్రీపెట్టె తగిలి పడింది. ఆ పాపం తనదేనని ఇడాలియా దాని సంగతి ఎవరికీ చెప్పదు. కథలోనూ చెప్పలేదు.

వేలికి నున్నటి చర్మం తగిలింది. రెండో చెవి వెనకా అంతే... నున్నగా, చల్లగా...

“ఎవరో పెద్దాయన వచ్చాడు,” అంటున్నాడు గ్యారెట్. “పాప తనదే అంటున్నాడు. పంపించనా?”

“వద్దు! గ్యారెట్, పంపొద్దు!” ఇడాలియా వైర్‌లెస్ లాక్కుని అరిచింది. పిడుగు పడింది. దీపాలు పోయాయి. మెడకున్న చేతులు విడిపించుకుని ఆమె వానలోకి పరుగెత్తింది.

రేవులో గ్యారెట్ గొడుగు పట్టుకుని ఒక్కడే నిలబడి ఉన్నాడు.

“పాపేదీ?”

“ఇప్పుడే వెళ్ళారు... ఆయన పడవలో.”

“పంపొద్దన్నాను కదరా!”

గ్యారెట్ తెల్లముఖం వేశాడు. “పంపించెయ్ అన్నావు ఇడాలియా. నీ గొంతే. నవ్వావు కూడా.”

చెరువు మీద పొగలా ఆవిరి. అవతలి గట్టు రాయి విసిరితే తగిలేంత దగ్గర. అయినా ఏడుపు దూరమవుతోంది. ఊపిరి బిగబట్టి... మళ్ళీ అమ్మా అని... ఇంకా దూరంగా... ఇంకా... మైళ్ళ అవతల నుంచి వచ్చినట్టు.

వెనక ఎల్బా రొప్పుకుంటూ వచ్చింది, చంకలో పాపతో. పాప ఏడవడం లేదు. ఆవిరిలోకి చూస్తూ చెయ్యి ఊపుతోంది.

“అమాయా! వస్తున్నానమ్మా!”

ఆ నీళ్ళు మోకాలి లోతు. జనం పారేసుకున్న టోపీల కోసం గ్యారెట్ రోజూ పొద్దున్నే బూట్లతో దిగి నడుస్తాడు. ఇడాలియా రేవు మీద నుంచి దూకింది. నీళ్ళు నడుము దాటాయి, గొంతు దాటాయి, తల మునిగింది. కాళ్ళు కొట్టుకుంటూ కింద నేల కోసం వెతికింది.

నేల తగల్లేదు.