మోటారు లేని బోరు

సంగారెడ్డిలో మా ఆఫీసంటే ఒక గది, రెండు కంప్యూటర్లు. ఊళ్లలో తాగునీటి బోర్లకు పెట్టిన సెన్సర్లు ఏం చెబుతున్నాయో ఆన్‌లైన్‌లో చూడడం నా ఉద్యోగం. నీళ్లు ఎంత పాడయ్యాయో, బోరు ఎంతసేపు నడిచిందో అంతా తెర మీద కనిపిస్తుంది. ఎర్ర రంగు వస్తే పైవాళ్లకు రాస్తాను. రాసీ రాసీ విసుగొచ్చేసింది. ఎర్ర రంగు మాత్రం పోదు.

ఆ వానాకాలం, కొండాపూర్ దగ్గర మూసేసిన ఒక బోరులోంచి రోజూ సాయంత్రం నీళ్లు వస్తున్నట్టు చూపించింది. అక్కడి ఆపరేటర్ యాదన్న ఆ నీళ్లే తాగి, కిడ్నీలు పాడై చనిపోయాక దాన్ని మూసేశారు.

"సెన్సర్ చెడిపోయి ఉంటుంది హరిచందనా, విప్పి తీసుకురా" అన్నారు సార్.

నిద్రలేక కళ్లు మండుతున్నాయి. అయినా స్కూటీ తీశాను.

వెళ్లేసరికి మబ్బు పట్టి చీకటైంది. ఊరి చివర రేకుల గది. గాలిలో మందుల ఫ్యాక్టరీ ఘాటు. గది బయటికి వచ్చిన పైపు కింద బిందె పెట్టుకుని ఒక ముసలామె కూర్చుంది. యాదన్న భార్య పుష్పమ్మ.

"ఈ నీళ్లు తాగకూడదమ్మా. ఎవరు వదులుతున్నారు?"

"మెల్లగ మాట్లాడు బిడ్డా..." గుసగుసగా అంది. "మా ఆయన ఇంటడు."

గదిలోకి ఫోన్ లైటు వేశాను. మోటారు లేదు. ఎప్పుడో ఊడదీసుకుపోయారు. తెగిన కరెంటు తీగ గోడకు వేలాడుతోంది.

బోరు లోపల ఏదో చప్పుడు...

దగ్గు. మనిషి దగ్గు. లోతులోంచి పైకి వస్తోంది... ఇంకా పైకి...

పైపులోంచి నీళ్లు దూకాయి. బిందె నిండింది.

"సాలయ్యా" అంది పుష్పమ్మ.

నీళ్లు ఆగిపోయాయి.

ఆమె గ్లాసు ముంచింది. నాకు ఎక్కడి తెగువ వచ్చిందో, గ్లాసు లాక్కుని బిందె బోర్లించేశాను. పుష్పమ్మ తిట్టలేదు. జాలిగా నా మొహంలోకి చూసింది.

"మస్తు అలసిపోయినవ్ బిడ్డా. ఆయన సూసిండు. దూపైనోళ్లను నీళ్లియ్యకుండ ఆయన ఉత్తగ పంపడు."

గబగబా సెన్సర్ విప్పేశాను. ఆమెను బండి ఎక్కించుకుని పోతిరెడ్డిపల్లిలో కూతురింట్లో దింపాను. దారంతా నా వీపుకు తల ఆనించి ఏడుస్తూనే ఉంది.

"ఒక్కడే ఉంటడు... గంత లోతుల ఒక్కడే..."

మర్నాడు ఆఫీసులో పని తెమలలేదు. మధ్యాహ్నానికి గొంతు ఎండిపోయింది. తెర మీద నుంచి చూపు తిప్పకుండానే బల్ల మీది సీసా అందుకుని గటగటా తాగాను. చల్లగా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది.

సగం తాగాక నాలుకకు చేదు తగిలింది. ముక్కుకు మందుల ఘాటు...

పొద్దున ఇంటి దగ్గర హడావిడిలో ఆ సీసా ఖాళీగానే తెచ్చుకున్నాను.