కుడివైపు ఖాళీ

"ఇది తెలుపు కాదండీ!"

ఆ మాట అన్నదెవరో చూడకుండానే మన స్ప్రేకి ఒళ్ళు మండింది. పొద్దుటినుంచీ మూతికి మాస్కు కట్టుకుని, కారు తలుపుకి మూడు పూతలు వేసి, నాలుగో పూతకి ఊపిరి బిగబట్టిన మనిషితో అనవలసిన మాట కాదది. వెనక్కి తిరిగాడు. ఆ కారు తాలూకు అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"తెలుపు కాకపోతే మరేంటండీ, నలుపా?"

"తెలుపే. మా కారు తెలుపు మాత్రం కాదు. చిటికెడు పసుపు ఎక్కువైంది. మా తలుపుకి కామెర్లు వచ్చినట్టుంది."

షెడ్డు ఓనరు కిసుక్కున నవ్వాడు. ఆయన స్ప్రేకి సొంత బాబాయే. టీ చెంచాని కూడా స్పానర్‌లా పట్టుకునే మనిషి. మనవాడికి 'స్ప్రే' అని పేరు పెట్టింది కూడా ఆయనే. అసలు పేరు రేషన్ కార్డుకీ ఆధార్ కార్డుకీ మాత్రమే తెలుసు.

"అమ్మాయ్ చెప్పింది నిజమేరా. నీ కంటికి ఆనలేదు, ఆమె కంటికి ఆనింది. ఏం చేస్తూంటావమ్మా?"

"హాస్పిటల్లో ఎక్స్‌రే తీస్తానండీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నలుపులో తెలుపు వెతకడమే నా పని."

అంటే అక్కడ స్ప్రే, ఇక్కడ ఎక్స్‌రే. ఒకరిది పైన పూసే పని, ఇంకొకరిది లోపలికి చూసే పని. గొడవ పడకుండా ఉంటారా చెప్పండి!

తలుపు సంగతి తేలకముందే ఆమె చూపు షెడ్డు ఆఫీసుగదిలోని కంప్యూటర్ మీద పడింది. తెర మీద నీలం విమానం ఒకటి నిలబడి ఉంది. కార్లకి రంగులు వెయ్యగా మిగిలిన రంగుల పిచ్చినంతా మనవాడు విమానాల మీద చూపిస్తాడు. నిజం విమానాలు కాదు లెండి. ఫ్లైట్ సిమ్యులేటర్ అనే ఆటలోవి. ఆటతోపాటు వచ్చే విమానాలు సరిపోనివాళ్ళు బయటినుంచి కొత్త విమానాలు తెచ్చుకుని పెట్టుకుంటారు. వాటికి వేసే రంగుల చొక్కాని లివరీ అంటారు. లివరుతో దీనికి ఏ సంబంధమూ లేదు. మనవాడి గుండెతో ఎంత సంబంధముందో ముందు ముందు చూస్తారు.

"ఈ నీలం విమానం మీరు చేసిందా? ఇంటర్నెట్‌లో 'స్ప్రే' అంటే మీరేనా?"

మనవాడి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "నేనే. మీరూ ఎగరేస్తారా?"

"ఎగరేస్తాను. దీన్ని దించుకుని పెట్టుకున్నాను కూడా. ఎడమవైపు బ్రహ్మాండం. కుడివైపు అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి."

పెరిగిన రెండంగుళాలూ తరిగాయి. "'కుడి ఎడమ తెలియని పైలట్లు ఎక్కవలసిన విమానం' అని కామెంటు పెట్టింది..."

"నేనే."

విమానం సంగతి అలా అవమానం దాకా వచ్చింది. ఆ పొరపాటు ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. ఆ విమానానికి రంగు వేసే బొమ్మలో కుడివైపు భాగాన్ని తిరగేసి పెట్టి ఉంటారు. అది తెలియక మామూలుగా రాసేస్తే, విమానం మీద అక్షరాలు వెనక్కి నడుస్తాయి. కొత్తవాళ్ళందరూ ఒకసారి చేసే తప్పే అది. మనవాడు కొత్తలో చేశాడు, సిగ్గుపడి దాన్ని దిద్దకుండా వదిలేశాడు.

ఆమె బ్యాగులోంచి చిన్న సీసపు అక్షరం తీసింది. ఇంగ్లీషు 'ఆర్'. అంచులు అరిగిపోయి ఉంది.

"ఫిల్ము మీద కుడి ఏదో తెలియడానికి మేమిది పెడతాం. పెట్టకపోతే కుడికాలికి కట్టాల్సిన కట్టు ఎడమకాలికి కట్టేస్తారు. ఇది పాతదైపోయింది. మీరుంచుకోండి, మీకు అవసరం."

అవమానం మీద బహుమానం! ఆమె వెళ్ళిపోయాక మనవాడు దాన్ని విసిరికొట్టబోయి, ఎందుకో చెయ్యి రాక, కంప్యూటర్ తెరకి కుడి అంచున అతికించాడు.

ఆ తలుపుకి మళ్ళీ రంగు పడింది. మర్నాడు ఇంకోసారి పడింది. మూడోసారి తెలుపు అచ్చంగా కలిసిపోయింది గానీ, "ఎండలో చూడాలండీ" అని ఆమే ఇంకోసారి వచ్చింది. నాలుగోసారి ఆమె వచ్చేసరికి మారిన రంగు తలుపుది కాదు, మనవాడి ముఖానిది.

"తలుపు బాగైంది కదరా. ఇంకా ఎందుకొస్తోంది?" అన్నాడు బాబాయ్.

"కస్టమర్ సర్వీస్, బాబాయ్."

"సర్వీసు ఎవరు ఎవరికి చేస్తున్నారో తెలియట్లేదులే."

ఆమె కోసం మనవాడు తెల్లటి అంబులెన్స్ విమానం చేశాడు. తర్వాత ఆమెకి ఇష్టమని పసుప్పచ్చ విమానం చేశాడు. కామెర్ల పసుపు కాదు, బంతిపువ్వు పసుపు. ఎలా పెట్టుకోవాలో ఫోన్లో పాఠం కూడా చెప్పాడు.

"రంగుల ఫోల్డర్ తీసుకెళ్ళి విమానం ఫోల్డర్లో వెయ్యండి. వేశారా? ఇప్పుడు ఆ పేర్ల ఫైలు తెరవండి. ప్రతి లివరీకీ ఒక నంబరుంటుంది, సున్నాతో మొదలు. చివరి నంబరెంత?"

"ఐదు. మీ తెల్ల విమానం."

"అయితే దీనికి ఆరు వెయ్యండి. ఎప్పుడైనా అంతే, చివరి దాని పక్క నంబరు."

ఒక్క ముక్క చెప్పడం మర్చిపోయాడు. ఆ నంబర్లలో మధ్య ఒకటి లేకపోతే, జాబితా అక్కడితో అయిపోయిందనుకుని ఆట ఆగిపోతుంది. తర్వాతవి కళ్ళపడవు. కానీ ఎవరైనా మధ్యలో తీసేస్తారని అతనెందుకు అనుకుంటాడు?

గురువారం సాయంత్రం ఆమె షెడ్డుకి వచ్చింది. కారు లేకుండా వచ్చింది. తలుపు సాకు కూడా లేదన్నమాట.

"నన్ను వేరే ఊళ్ళో పెద్ద హాస్పిటల్‌కి రమ్మంటున్నారు. డిపార్ట్‌మెంట్ మొత్తం నాదే. సోమవారం సాయంత్రం ఐదింటిలోగా చెప్పాలి. ఏం చెప్పమంటారు?"

మనవాడి నాలుక మీద అరడజను వాక్యాలు రన్‌వే మీద విమానాల్లా వరస కట్టాయి. ఒక్కటీ పైకి లేవలేదు. చివరికి లేచింది మాత్రం ఇది:

"మంచి హాస్పిటలేనాండీ?"

ఆమె అతన్ని ఒక్క క్షణం ఎక్స్‌రే తీసినట్టు చూసింది. "బిల్డింగు బాగుంటుంది" అని వెళ్ళిపోయింది.

"ఒరేయ్," అన్నాడు బాబాయ్ కారు కిందనుంచి, "నిన్ను సొట్టలు తియ్యమన్నాను గానీ పెట్టమన్నానట్రా?"

నోటితో చెప్పలేనిది చేత్తో చెబుదామనుకున్నాడు మనవాడు. గురువారం, శుక్రవారం సాయంత్రాలు రెండూ తెర ముందే గడిచాయి. ఆకాశం రంగు విమానం. ఎడమవైపు ముక్కు నుంచి తోక దాకా తెల్లటి పెద్ద అక్షరాలు: 'ఎక్స్‌రే గారూ, మీరు వెళ్ళే చోటికి నేనూ రావచ్చా?' కుడివైపు ఏమీ రాయలేదు. ఒక మూల మాత్రం, ఫిల్ము మీద ఉన్నట్టు, చిన్న 'ఆర్' వేశాడు. జవాబు రాయవలసిన చోటు అది.

శనివారం పొద్దున్న పంపాడు. కింద ఒక్క ముక్క: 'కొత్తది. చూసి చెప్పండి.'

గంటసేపు ఫోను జేబులో పెట్టుకుంటూ తీస్తూ, తీస్తూ పెట్టుకుంటూ జేబు చింపుకున్నాడు. మధ్యాహ్నానికి జవాబొచ్చింది.

'పెట్టి చూశాను. తెలుపు చాలా శుభ్రంగా ఉంది. ఇంతకుముందు ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి. ఏమీ మార్చకండి.'

మనవాడు నాలుగుసార్లు చదివాడు. అక్షరాల తెలుపు బాగుందట. మిగతా వ్యవహారం ఎలా ఉందో అలాగే ఉండాలట. ఇంత మర్యాదగా తలుపు వెయ్యడం తలుపులు బాగుచేసేవాడికి కూడా తెలియదు!

"ఏమందిరా?"

"అలాగే ఉండమంది, బాబాయ్."

బాబాయ్ మొదటిసారి జోకు వెయ్యలేదు. ఆదివారం మనవాడు ఒక ఎర్ర కారుకి మెరూన్ పూసి, మళ్ళీ గీకాడు.

సోమవారం పన్నెండింటికి తెల్ల కారొకటి షెడ్డు ముందు ఆగింది. తలుపు చూడగానే గుండె గుర్తుపట్టింది. దిగింది మాత్రం ఆమె కాదు, బట్టతల పెద్దమనిషి. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

"స్ప్రే అంటే నువ్వేనా బాబూ? నేను ఎక్స్‌రే నాన్నని. ముప్ఫై ఏడేళ్ళు రికార్డు రూములో గుమాస్తాగా చేశాను." కాగితం బల్ల మీద పరిచాడు. "ఇది చూడు. సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఏడు. ఆరేదయ్యా?"

"ఆరా?"

"ఆరే! మా అమ్మాయి నిన్న నన్ను పిలిచింది. 'నాన్నా, ఆయన తెల్ల విమానంలో ఏదో మార్చి పంపారు, అదేంటో నాకు అంతు చిక్కడం లేదు, నువ్వు చూడు' అంది. వస్తువు చూసే ముందు రిజిస్టర్ చూడాలంటాన్నేను. చూద్దును కదా, మధ్యలో ఒక నంబరు గల్లంతు! నిలదీస్తే ఒప్పుకుంది. గురువారం నువ్వేదో అన్నావట. ఇంటికొచ్చి ఆ కోపంతో నీ పసుపు విమానం పీకి పారేసింది. ఆ తర్వాత నువ్వు పంపినదానికి, గుర్తున్న లెక్క ప్రకారం ఏడు వేసింది."

మనవాడికి కాళ్ళకింద నేల ఎగిరినట్టయింది. "అంటే... ఆవిడ కొత్త విమానం చూళ్ళేదా?"

"ఏం చూస్తుంది? జాబితాలో చివర కనిపించింది నీ పాత తెల్లదే. ఏం మారిందో పట్టలేకపోయానని ఒప్పుకోవాలంటే నామోషీ. ఏమీ మార్చకండని రాసి పారేసింది."

"ఆరు పోయి మనవాడి దీపం ఆర్పింది చూశారా!" అన్నాడు బాబాయ్. ఆయనకి నోరు తిరిగొచ్చింది.

"మరి నిన్న...?" అన్నాడు స్ప్రే.

"నిన్న ఏడుని ఆరు చేశాను. నీ విమానం బయటికొచ్చింది." పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎడమవైపు చదివాను. అర్జీ బాగానే ఉంది. కుడివైపు వెళ్ళి చూస్తే ఖాళీ. సంతకం పడని ఫైలు. అది నేను పెట్టే సంతకం కాదు కదా! మా అమ్మాయిని కూర్చోబెట్టాను. రోజంతా తలుపేసుకుని తనే రంగులేసింది. నన్ను కూడా చూడనివ్వలేదు." జేబులోంచి పెన్ డ్రైవ్ తీశాడు. "పట్టు."

మనవాడు ఫోల్డర్ వేశాడు. పేర్ల ఫైలు తెరిచాడు. నంబర్లు పైనుంచి కిందకి, కిందనుంచి పైకి లెక్కపెట్టాడు. వెనకనుంచి పెద్దాయన కూడా లెక్కపెట్టాడు. రాని విద్యైనా బాబాయ్ కూడా లెక్కపెట్టాడు.

విమానం వచ్చింది. ఎడమవైపు అతని ప్రశ్న అలాగే ఉంది. మెల్లగా కుడివైపు తిప్పాడు.

కుడివైపు పొడవునా పసుప్పచ్చ అక్షరాలు. బంతిపువ్వు పసుపు. కానీ ఒక్కటీ అర్థం కాలేదు. అన్నీ తిరగబడి ఉన్నాయి!

"ఇదేం భాషరా?" అన్నాడు బాబాయ్.

పెద్దాయన తల అటు వంచి ఇటు వంచి, "అవునో కాదో కూడా తెలియడం లేదే" అన్నాడు.

కొత్తవాళ్ళందరూ చేసే తప్పు! మనవాడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అద్దం కావాలి, అద్దం!"

కార్ల షెడ్డులో అద్దానికి కరువా? కానీ ఆ క్షణంలో ముగ్గురికీ కనిపించింది ఒక్కటే, ఎదురుగా ఉన్న తెల్ల కారు పక్క అద్దం. పెద్దాయన స్టీరింగ్ ఎక్కాడు. బాబాయ్ డబ్బాలు పక్కకి తన్ని దారి చేశాడు. "రానీ, రానీ... కొంచెం కుడి... మీ కుడి కాదండీ, నా కుడి!" కారు వెనక్కి వెనక్కి వచ్చి ఆఫీసుగది గుమ్మంలో ఇరుక్కున్నంత పని చేసింది. మనవాడు తెరని గుమ్మం వైపు తిప్పాడు. వంగి అద్దంలోకి చూశాడు.

అద్దంలో అక్షరాలు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి.

'సరే. కానీ ఆ "గారూ" తీసెయ్.'

"సరే అంది!" అని అరిచాడు స్ప్రే. ఆ అరుపుకి పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. పెద్దాయన ఆనందం పట్టలేక హారన్ కొట్టాడు, కొట్టి వదలడం మర్చిపోయాడు. బాబాయ్ చేతిలో ఉన్న స్పానర్‌తో డబ్బాల మీద బ్యాండు మేళం మొదలెట్టాడు.

ఆ మోతలో లంచ్ టైముకి పరుగున వచ్చిన మనిషిని ఎవరూ గమనించలేదు. హాస్పిటల్ తెల్లకోటు మీద బ్యాగు వేలాడుతూ, ఆమె గుమ్మంలోకి దూరిన తన కారునీ, స్టీరింగ్ మీద తన తండ్రినీ, అద్దం ముందు వంగి ఉన్న మనవాడినీ చూసి నిలబడిపోయింది.

"ఏం చేస్తున్నారు మీరంతా?"

"నీ జవాబు చదువుతున్నామమ్మా, అద్దంలో!" అన్నాడు తండ్రి.

"ఫోన్లో ఫోటో తీసి తిప్పుకుంటే సరిపోయేదిగా?"

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

మనవాడు ముందు తేరుకున్నాడు. ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట నాలుక చివరికి వచ్చింది. "కుడి ఎడమ తెలియని పైలట్లు ఎక్కవలసిన విమానం!"

ఆమె ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు మాత్రం ఏ డబ్బాలోనూ దొరకదు. "మొదటిసారి కదా! నువ్వేమైనా పుట్టుకతోనే నేర్చుకున్నావా?"

'నువ్వు'! అప్పటిదాకా విన్న మాటల్లోకెల్లా చిన్నదీ, పెద్దదీ.

ఆమె ఫోను తీసింది. ఐదింటి దాకా ఆగలేదు. "నేను చేరుతున్నానండీ" అని హాస్పిటల్‌కి చెప్పి పెట్టేసింది. తర్వాత మనవాడి వైపు తిరిగి, "ఆ ఊళ్ళో నీకు పనుంటుందా?" అంది, కొంచెం భయంగా.

"అక్కడ కార్లకి సొట్టలు పడవా?"

"పడకపోతే వీడే పెడతాడమ్మా, ఆ విద్య వచ్చు" అన్నాడు బాబాయ్. "నా పాత కంప్రెసర్ తీసుకెళ్ళరా. కొత్తది కాదు, అడక్కు."

పెద్దాయన కారు దిగి, బల్ల మీద కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వరస కలిసింది. ఇక నాకు నిద్ర పడుతుంది." మనవాడి భుజం తట్టాడు. "ఈసారి ఏ నంబరూ తీసెయ్యకండి, ఇద్దరూ."

బాబాయ్ తన ఫోను పైకెత్తాడు. "నిలబడండి, ఫోటో తీస్తాను. తిప్పాల్సిన పని లేకుండా!"

ఇరుకు ఆఫీసుగదిలో ఆమె అటు చూసింది, ఇటు చూసింది. ఒకవైపు బల్ల, ఒకవైపు రంగు డబ్బాలు. "నేనెటు నిలబడను?"

స్ప్రే తెర అంచున ఉన్న అరిగిన సీసపు అక్షరాన్ని ఊడదీసి, తన చొక్కా కుడి భుజానికి ఆనించుకున్నాడు.

"కుడివైపు ఖాళీ."