కాలికి తొడిగిన గాజు

నాగమల్లి నిండు పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. గోడలోని చర్మదృష్టి కన్ను వాటిని చూసిందో లేదో, ఇంటింటా గర్భిణుల్ని కనిపెట్టుకుని ఉండే ధాత్రి యంత్రం హడావుడి పడిపోయింది. పది నిమిషాల్లో గాలిదూత డ్రోను లేపనం తెచ్చి గుమ్మంలో పడేసింది. ఇద్దరు డాక్టర్లు తెర మీదకి వచ్చి పరామర్శించి మరీ వెళ్లారు. ఆరోగ్య కార్యకర్త నూకరత్నం మాత్రం ఆ దద్దుర్లు సాగిన చారల వెంటే ఉన్నాయని, బొడ్డు చుట్టూ ఒక్క పొక్కూ లేదని చూసుకుంది. కాన్పయ్యాక దానంతటదే పోయే దురద ఇది. పద్దెనిమిదేళ్లుగా గర్భిణుల ఇళ్లు తిరుగుతున్న మనిషి చెబితే ధాత్రి వింటుందా? కంటికి ఎర్రగా కనబడిందే దానికి రోగం.

ఒడ్డు మునిగిపోయాక కట్టిన ఏడో నీటివాడలో నలభై ఒక్కమంది గర్భిణులున్నారు. అందరి చేతికీ గోకుగాజు ఉంటుంది. ఐదో నెల గాజుల పేరంటంలో తొడిగితే పురుడొచ్చేదాకా తీయరు. కడుపుతో ఉన్నవాళ్ల చెయ్యి బోసిగా ఉండకూడదన్న పట్టింపు మనవాళ్లకి ఎలాగూ ఉంది కదా, దాన్నే వాడుకుందామని రాజధానిలో ఎవడో తెలివైనవాడు ఆ యంత్రాన్ని గాజులా చేశాడు. ఆ తెలివి తగలెయ్య. ఊపుని బట్టి చెయ్యి ఎన్నిసార్లు గోకిందో గాజు లెక్కిస్తుంది, ఆ లెక్క ఇంటి గోడ మీద పడుతుంది. రోజుకి మూడు వందలు దాటితేనే నెత్తురు పరీక్ష చేసే నెత్తురుపెట్టె తాళం తెరుచుకుంటుంది. దాటకపోతే దురద లేనట్టే. మనిషి తన నోటితో దురదగా ఉందని చెప్పుకుంటే దాన్ని ధాత్రి 'స్వీయకథనం' అంటుంది. దానికి ఒక్క మార్కు కూడా లేదు.

నూకరత్నం ఆ నెత్తురుపెట్టె భుజాన తగిలించుకుని వీరవేణి ఇంటికి వెళ్లింది. వీరవేణికి తొలిచూలు, ముప్పై ఐదో వారం. అడుగు పెట్టగానే ధాత్రి తీయటి గొంతుతో అప్పజెప్పింది: దద్దుర్లు లేవు, గోకుడు తొమ్మిది, కారణం ఆందోళన, కొబ్బరినూనె రాసుకుని మంచి సంగీతం వినవలెను.

వీరవేణి పీట మీద కూర్చుని రెండు అరచేతులూ చల్లటి స్టీలు బిందెకి అదిమి పెట్టుకుని ఉంది. కళ్ల కింద నల్లగా ఉబ్బిపోయింది. రెండు వారాలుగా రాత్రిళ్లు కునుకు లేదట. అరచేతుల్లో, అరికాళ్లలో దురద, పైకి చూస్తే ఏమీ లేదట. ఒంటేలు ఏ రంగులో వస్తోందని నూకరత్నం అడిగితే, కాఫీ డికాషన్‌లా ఉందని తలదించుకుని చెప్పింది.

నూకరత్నం చూపు పీట ముందున్న కొబ్బరిపీచు పట్టా మీద పడింది. పోయిన నెల తనే దుకాణం నుంచి తెచ్చిచ్చిన కొత్త పట్టా అది. ఇప్పుడు రెండు చోట్ల పీచు మొత్తం ఊడిపోయి బోడిగా, సరిగ్గా రెండు పాదాలంత మేర అరిగిపోయి ఉంది. అరిగిన చోట ఎండిపోయిన నెత్తురు మరకలున్నాయి.

"ఇంత దురద పెట్టుకుని చేత్తో ఎందుకు గోక్కోలేదే?" అని అడిగింది.

"గోక్కుంటే గోడ మీద పడతాది కదా పిన్నీ. మా అత్త పొద్దున్నే లేచి ముందు అదే సూత్తాది. కడుపుతో ఉన్నదానికి ఓర్పుండాలంట. తొమ్మిది కూడా ఎక్కువేనంట."

నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది. అత్త మీద కాదు, ఆ అమ్మకి కోడలి ఓర్పు కొలిచి చూపే గోడ ఒకటి కట్టించి పెట్టిన మహానుభావుల మీద. ఆ వెనకే తన మీద. పోయినేడాది ఇదే వాడలో పద్మిని కూడా ఇలాగే అరచేతులు చూపించింది. గాజు పదకొండు అంది. నూకరత్నం పదకొండని రాసుకుని, కొబ్బరినూనె రాసుకోమని చెప్పి వచ్చేసింది. నాలుగో రోజున పద్మిని కడుపులో బిడ్డ కదలడం మానేసింది. ధాత్రి నివేదికలో ఎవరి తప్పూ లేదు. అందులో తన సంతకం చూసుకున్నప్పుడు తన మీద తనకి పుట్టినంత అసహ్యం, ఆ యంత్రం మీద కూడా పుట్టలేదు.

"చెయ్యి ఇలా తే," అంది.

గోకుగాజు సాగదీసి లాగుతుంటే వీరవేణి బెదిరిపోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. బోసి చెయ్యి కీడని గొణిగింది. నూకరత్నం తన చేతి మట్టిగాజుల్లోంచి ఎర్రది ఒకటి తీసి ముందు ఆ పిల్ల చేతికి తొడిగింది. తరవాత గోకుగాజు ఊడబెరికి, మోకాళ్ల మీద వంగి, ఆమె కుడికాలి చీలమండకి ఎక్కించింది. దీనికి కొలువు ఊడుతుందని నూకరత్నానికి తెలుసు.

"ఇప్పుడు రోజూ ఎలా రుద్దుకుంటావో అలాగే రుద్దుకో. గోడకేసి సూడకు. నాకేసి సూడు."

వీరవేణి కాలు పట్టా మీద ఆనించి రుద్దడం మొదలెట్టింది. మొదలెట్టాక ఆపలేకపోయింది, రుద్దుతూనే ఏడ్చింది. గోడ మీద ముప్పై, తొంభై, నూట అరవై పడ్డాయి. అరగంట తిరక్కుండానే మూడు వందలు దాటింది. నెత్తురుపెట్టె టక్కున తెరుచుకుంది. నూకరత్నం ఆమె వేలి నుంచి చుక్క నెత్తురు తీసి అందులో పెట్టింది.

పదీ పదిహేనూ ఉండాల్సిన పిత్తామ్లాలు నూట పద్దెనిమిది ఉన్నాయి. దురద చర్మానిది కాదు, కాలేయానిది. బిడ్డకి గండం. ఇందాక సంగీతం వినమన్న గొంతే సిగ్గూ ఎగ్గూ లేకుండా అత్యవసరం, అత్యవసరం అంటూ ఆసుపత్రి పడవని పిలిచేసింది.

పడవ వచ్చేలోపే పర్యవేక్షకుడు సుధన్వ తెర మీదకి వచ్చాడు. నీటివాడలో ఏనాడూ కాలు తడుపుకోని మనిషి.

"నూకరత్నం గారూ, గాజు కాలికి వేశారు. ఆ కొలత చెల్లదు. చెల్లని కొలతకి పడవ పంపకూడదు. చేతికి మార్చేయండి, పొరపాటని రాసుకుందాం. పడవని వెనక్కి పిలుస్తాను."

"పిలవండి బాబూ. పెట్టెలో నూట పద్దెనిమిది అనే ఉంటాది. పడవ తిప్పిందెవరో కూడా ఉంటాది. రేపు బిడ్డ కదలకపోతే, ఈసారి సంతకం నాది కాదు."

తెర నల్లబడింది. పడవ ఆగలేదు. పడవలోని డాక్టరమ్మ వీరవేణి పొట్ట మీద యంత్రం ఆనించి, బిడ్డ గుండె గట్టిగానే కొట్టుకుంటోందని, మందు మొదలెట్టి, అవసరమైతే ఈ వారమే కాన్పు చేస్తామని చెప్పింది. వీరవేణి ఎర్రగాజు చెయ్యి ఊపుతూ వెళ్లింది.

నివేదిక ముగించమని ధాత్రి అడిగింది. గాజు ఉన్నది ఎడమ చేతికా, కుడి చేతికా? నూకరత్నం కాలికి అని చెప్పింది. అటువంటి చెయ్యి లేదంది ధాత్రి. మళ్లీ అడిగింది. నూకరత్నం మళ్లీ కాలికనే చెప్పింది. ఎన్నో కోట్ల ఇళ్లని ఏలుతున్నానని విర్రవీగే ఆ బుర్ర ఒక్క పాదం దగ్గర చతికిలబడి, అదే ప్రశ్న అడుగుతూ కూర్చుంది. దాన్ని అలాగే అడుగుతూ ఉండనిచ్చి, నూకరత్నం తర్వాతి ఇంటికి నడిచింది.

ఆ ఇల్లు పద్మినిది. మళ్లీ ఏడో నెల. ఒకసారి వచ్చిన ఆ జబ్బు మళ్లీ కడుపు పండినప్పుడు వచ్చే అవకాశం ఎక్కువని తెలిసి కూడా నూకరత్నం ఇన్నాళ్లూ గుమ్మంలోంచే లెక్క రాసుకుని పోయేది. పద్మిని ఆమెతో మాట్లాడి ఏడాదైంది. గోడ మీద నాలుగు అని ఉంది.

ఈ రోజు నూకరత్నం లోపలికి వెళ్లింది. నేల మీద కూర్చుంది. తప్పు నాదేనమ్మా అంది. తర్వాత అరచెయ్యి చాపింది.

"కాలు ఇయ్యి."

పద్మిని చేతి గోకుగాజు తనే లాగేసి, కాలు ముందుకి చాపింది. అరికాలు నిండా రుద్దుకున్న నెత్తురు గీతలే.